గుక్కెడు తేనీటికి గుప్పెడు పాత్ర

మా వంటింటి గట్టు మీద చిన్న తెల్లటి పింగాణీ గిన్నె ఒకటి ఉంటుంది. పైన మూత, అడుగున సాసరు. అంచుదాకా పోస్తే నూరు మి.లీ. నీళ్లు పడతాయి, అంటే ఇరానీ కేఫులో ఇచ్చే కప్పెడు కంటే కాస్త ఎక్కువ. చైనాలో దీన్ని గైవాన్ అంటారు. గై అంటే మూత, వాన్ అంటే గిన్నె. మూత ఆకాశమనీ, సాసరు భూమి అనీ, నడుమ ఉన్న గిన్నె మనిషనీ అక్కడి టీ ప్రియులు చెప్పుకుంటారు.

ఈ గిన్నెతో ఎవరింట్లోనైనా చేయదగ్గ లెక్క ఒకటుంది. ఖాళీ గైవాన్ బరువు 150 గ్రాములు, వంటింట్లో వేడి 30 డిగ్రీలు అనుకుందాం. కెటిల్‌లో మరిగిన నీళ్లు, 98 డిగ్రీల దగ్గర ఉన్నవి, నూరు గ్రాములు అందులో పోశాం. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 4.18 జౌళ్లు కావాలి, గ్రాము పింగాణీకి సుమారు 0.85 చాలు. నీళ్లు ఇచ్చిన వేడీ గిన్నె పుచ్చుకున్న వేడీ సరిపెడితే రెండూ కలిసి ఆగేది 82 డిగ్రీల దగ్గర. పోసీ పోయగానే పదహారు డిగ్రీలు గిన్నె మింగేసింది! అదే గిన్నెను ముందు వేడినీళ్లతో ఒకసారి తొలిచి 70 డిగ్రీలకు తెచ్చి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ పోస్తే 91 దాటుతుంది. గోడలు పలచగా ఉండి 70 గ్రాములే తూగే గిన్నె అయితే తొలచకుండానే 89 దాటుతుంది. థర్మామీటరు పెట్టి చూస్తే ఇంకో రెండు మూడు డిగ్రీలు తక్కువే కనబడుతుంది. ఆకు కొంత వేడి తీసుకుంటుంది, ఆవిరి కొంత పట్టుకుపోతుంది.

చైనా టీ పాత్రల సంగతంతా ఈ లెక్కలోనే ఉందని నాకనిపిస్తుంది. మనం టీ కాచేటప్పుడు గిన్నె కింద మంట ఉంటుంది. పాలు, పంచదార, పొడి అన్నీ కలిసి మరుగుతుంటాయి. గిన్నె స్టీలుదైనా సత్తుదైనా, మందమైనా పలచనైనా, పోయిన వేడిని పొయ్యి మళ్లీ ఇస్తూనే ఉంటుంది. చైనా పద్ధతిలో ఆకు మీద నీళ్లు పోశాక కింద మంట లేదు. నీళ్లు తెచ్చుకున్న వేడి, పాత్ర దాచుకున్న వేడి, అంతే పెట్టుబడి. అందుకే పాత్ర దేనితో చేశారు, ఎంత మందం, ఎంత చిన్నది అన్న ప్రశ్నలు అక్కడ అంత పట్టింపుగా మారాయి.

ఆకులోంచి అన్నీ ఒకేసారి నీటిలోకి దిగవు. తియ్యదనాన్నీ కమ్మదనాన్నీ ఇచ్చే అమైనో ఆమ్లాలు ఒక మోస్తరు వేడికే తొందరగా దిగిపోతాయి. వగరూ చేదూ ఇచ్చే కాటెకిన్ల వంటివి ఎక్కువ వేడికి, ఎక్కువసేపటికి లొంగుతాయి. లేత చిగుళ్లతో చేసిన గ్రీన్ టీకి 80 డిగ్రీల దాపుల్లో నీళ్లు చాలనేది ఇందుకే. మందపాటి మట్టిపాత్రలో మూతపెట్టి వదిలేస్తే లేతాకు ఉడికి పసుపెక్కుతుంది, వాసన చచ్చిపోతుంది. హాంగ్‌జౌలో లాంగ్‌జింగ్ అనే గ్రీన్ టీ ఆకును మూతే లేని పొడుగాటి గాజు గ్లాసులో వేసుకుని తాగుతారు. చూడముచ్చటగా ఉండటం ఒక్కటే కాదు, గ్లాసు త్వరగా చల్లారడం ఆ ఆకుకు మేలు. గట్టిగా చుట్టుకుపోయిన ఊలాంగ్ ఆకుకూ, అచ్చులు కట్టిన పూఅర్‌కూ ఇది తిరగబడుతుంది. వాటికి సలసల మరిగే నీళ్లు, వేడిని వదలని పాత్ర కావాలి.

పాత్ర ఎప్పుడూ టీ వెనకే నడిచింది. టాంగ్ రాజుల కాలంలో, ఎనిమిదో శతాబ్దంలో, లూ యూ అనే పండితుడు టీ మీద తొలి గ్రంథం 'చా జింగ్' రాశాడు. అందులో గిన్నెల తారతమ్యాలు చెబుతూ మంచులా తెల్లగా ఉండే షింగ్ గిన్నెల కంటే పచ్చరాతి ఛాయ ఉన్న యూయే గిన్నెలకే పెద్దపీట వేశాడు. ఎర్రబారిన ఆ కాలపు టీ ఆ పచ్చదనంలో ఆకుపచ్చగా కనబడుతుందని. తరవాత సాంగ్ రాజుల కాలానికి టీ తీరు మారింది. ముద్దగా అచ్చొత్తిన ఆకును పొడి కొట్టి, గిన్నెలో వేడినీళ్లు పోసి, తెల్లటి నురగ వచ్చేదాకా గిలకొట్టేవారు. తెల్లటి నురగకు నల్లటి గిన్నె కావాలి కదా! ఫూజియన్ రాష్ట్రంలోని జియన్ బట్టీల నుంచి నల్లటి గిన్నెలు వచ్చాయి. 11వ శతాబ్దంలో కాయ్ షియాంగ్ అనే అధికారి ఈ గిన్నెలను మెచ్చుకుంటూ, గోడలు మందం కాబట్టి వేడి తొందరగా పోదన్నాడు. మనం మొదట వేసిన లెక్క ఆయన వేయలేదు, చేతికి తెలిసింది చెప్పాడు.

ఈ నల్ల గిన్నెల దగ్గర కాసేపు ఆగాలి. వాటి మీద కుందేలు రోమాల్లాంటి చారలు, నూనె చుక్కల్లాంటి మచ్చలు ఉంటాయి. కుంచెతో వేసినవి కావు. పూతలోనే ఇనుము పుష్కలంగా ఉంటుంది. 1300 డిగ్రీల దాపుల్లో కరిగిన పూతలో బుడగలు పుట్టి, ఇనుప ఆక్సైడును పైకి మోసుకొచ్చి పగులుతాయి. చల్లారేటప్పుడు అది స్ఫటికాలుగా గట్టిపడుతుంది. పూత కిందికి జారితే చారలు, జారకుండా నిలిస్తే చుక్కలు. 2014లో ఆ పాత పెంకులను సూక్ష్మంగా పరీక్షించిన శాస్త్రవేత్తలకు వాటిలో ఎప్సిలాన్ రకం ఐరన్ ఆక్సైడు కనిపించింది. అయస్కాంత గుణాల వల్ల సమాచారం దాచే పరికరాలకు పనికొస్తుందని నేటి ప్రయోగశాలలు తయారు చేయాలని చూస్తున్న పదార్థమది. చేయడం కష్టం, శుద్ధంగా చేయడం మరీ కష్టం. వెయ్యేళ్ల కిందట కొండవాలు బట్టీల్లో కట్టెల మంట మీద అది తనంతట తాను పుడుతూ వచ్చింది.

1391లో మింగ్ వంశపు తొలి చక్రవర్తి హాంగ్‌వూ, ముద్దలుగా అచ్చొత్తిన టీని కప్పంగా పంపడం ఆపి, విడి ఆకు పంపమన్నాడు. ముద్దలు చేయడం రైతుకు మోయలేని చాకిరీ. ఆ ఒక్క ఉత్తర్వుతో గిలకొట్టే టీ క్రమంగా తెరమరుగైంది. విడి ఆకును నానబెట్టి, ఆకు వదిలి నీళ్లు మాత్రం వంచుకునే పాత్ర అవసరమైంది. టీపాటుకు చోటు దొరికింది ఇక్కడే.

జియాంగ్సు రాష్ట్రంలో, తాయ్ సరస్సుకు పడమటి వైపు యిషింగ్ అనే ఊరుంది. దాని పక్కన డింగ్‌షు పట్నంలో దొరికే మట్టి పేరు జిషా, అంటే ఊదారంగు ఇసుక. గొంగ్ చున్ అనే పనికుర్రాడు పదహారో శతాబ్దం మొదట్లో అక్కడి జిన్‌షా గుడిలో ఒక సాధువు దగ్గర చూసి నేర్చుకుని తొలి పేరున్న పాత్ర చేశాడని చెబుతారు. తరవాత షి డాబిన్ పెద్ద పాత్రలను చిన్నవి చేశాడు. చింగ్ కాలంలో చెన్ మన్‌షెంగ్ అనే అధికారి, కవి, రూపాలు గీసిస్తే యాంగ్ పెంగ్‌నియన్ మట్టిలో చేసి పెట్టాడు. ఇరవయ్యో శతాబ్దంలో గూ జింగ్‌జౌ పేరు చెబితే చాలు, అక్కడి పనివాళ్లు తల వంచుతారు.

జిషా తవ్వినప్పుడు మట్టిలా ఉండదు, రాయిలా ఉంటుంది. దాన్ని ఎండకూ వానకూ వదిలేసి పొడిబారనిచ్చి, దంచి, జల్లించి, నీళ్లు కలిపి మాగబెడతారు. అందులో క్వార్ట్జ్, అభ్రకం, కయోలిన్, ఇనుప ఆక్సైడు ఉంటాయి. ఊదా, ఎరుపు, గోధుమ రంగులన్నీ ఇనుము పాలును బట్టి, మంటను బట్టి వచ్చేవే. మన కుమ్మరి సారె మీద కుండ లేపినట్టు దీన్ని లేపరు. మట్టిని చెక్క సుత్తితో సాగగొట్టి పలక చేస్తారు. పలకను పట్టీగా కోసి గొట్టంలా చుడతారు. లోపల వేళ్లు ఆనించి, బయట పలచటి చెక్కతో మెల్లగా తట్టుతూ తిప్పుతుంటే ఆ గొట్టం కొద్దికొద్దిగా లోపలికి వంగి గుండ్రటి పొట్టగా మారుతుంది. కొమ్మూ పిడీ తరవాత అతుకుతారు. మూతను పాత్ర మీద ఉంచే కాలుస్తారు. కాలినప్పుడు మట్టి పదో వంతు, కొన్ని రకాల్లో అయిదో వంతు కుంచించుకుపోతుంది. రెండూ కలిసి కుంచించుకుంటేనే మూత గాలి చొరనంత బిగువుగా కూర్చుంటుంది.

ఈ పాత్ర ఊపిరి పీలుస్తుందని అమ్మేవాళ్లు చెబుతారు. ఆ మాటను మన కుండ పక్కన పెట్టి చూడాలి. వేసవిలో మంచినీళ్ల కుండ పైన చెమర్చడం మనందరం చూశాం. కుమ్మరి ఆవంలో కుండ కాలే వేడి తక్కువ. మట్టి రేణువుల మధ్య సందులు తెరుచుకునే ఉంటాయి, నీళ్లు గోడ దాటి బయటికొచ్చి ఆవిరవుతాయి. ఆవిరయ్యే ప్రతి గ్రాము నీరూ కుండ నుంచి 2,400 జౌళ్ల వేడిని పట్టుకుపోతుంది. కుండ నీళ్లు చల్లబడేది అందుకే. జిషా కాలేది 1100 నుంచి 1200 డిగ్రీల్లో. అంత వేడికి రేణువులు కొంత కరిగి అతుక్కుంటాయి, కొన్ని సూక్ష్మ రంధ్రాలు మాత్రం లోపలే మిగిలిపోతాయి. అవి తడిని కాస్త పీలుస్తాయి కానీ గోడ దాటనివ్వవు. అందువల్ల కుండ వేడిని పోగొట్టే పాత్ర అయితే జిషా వేడిని నిలిపే పాత్ర. లోపల చిక్కుకున్న గాలి వేడిని అంత తేలిగ్గా సాగనివ్వదు. ఊపిరి అన్న మాట నేను వాడను. రంధ్రాలున్నాయి, అవి వాసన పట్టుకుంటాయి, ఇది నిజం.

వాసన పట్టుకోవడం వల్లే యిషింగ్ పాత్రకు ఒకే రకం టీ కేటాయించమంటారు. గాజుపూత లేని గోడ ఏళ్లతరబడి టీలోని నూనెలనూ రంగునూ పీల్చి నునుపు దేలుతుంది. దాన్ని పాత్రను పెంచడం అంటారు, పిల్లను పెంచినట్టే. మల్లెపూల టీ చేసిన పాత్రలో మర్నాడు పొగవాసన ఉన్న టీ చేస్తే రెండూ చెడతాయి. మన ఊరగాయ జాడీకి అంత మందాన మెరుగుపూత ఎందుకేస్తారో గుర్తు చేసుకుంటే ఇది తేలిగ్గా బోధపడుతుంది. పూత లేకపోతే ఉప్పూ నూనే గోడలోకి ఇంకుతాయి.

టీ రుచి చూసి ధర కట్టేవాళ్లు ఏం వాడతారో చూడండి. టీని పరీక్షకు ఎలా కాచాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం 1980లో వచ్చింది. నూరు మి.లీ. నీటికి రెండు గ్రాముల ఆకు, ఆరు నిమిషాలు, తెల్లటి పింగాణీ లేదా మెరుగుపూత ఉన్న పాత్ర. ఆకులో ఉన్నది ఉన్నట్టు చెప్పే పాత్ర కావాలి వాళ్లకు. పింగాణీ ఆ పని చేస్తుంది, ఎందుకంటే అది సగం గాజు. జియాంగ్షీ రాష్ట్రంలోని జింగ్‌దజెన్‌లో పింగాణీ రాయినీ తెల్లమట్టినీ కలిపి 1300 డిగ్రీల దాపుల్లో కాలుస్తారు. ఆ తెల్లమట్టికి కయోలిన్ అని పేరొచ్చింది దగ్గర్లోని గావోలింగ్ ఊరి పేరు మీదే. 1712లో దాంత్రకోల్ అనే ఫ్రెంచి పాదిరి అక్కడి కిటుకులను ఉత్తరంగా రాసి పంపాడు. చైనా పింగాణీ మన తీరానికి కొత్తదేమీ కాదు, మోటుపల్లి రేవు దగ్గర పాత పెంకులు దొరికాయి. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలోని చైనా పింగాణీ ముందు అరగంట నిలబడితే, ఆ తెల్లదనం వెనక ఎంత మంట ఉందో తలచుకోకుండా ఉండలేం.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు కొనవలసింది తెల్ల గైవానే అని నేను గట్టిగా చెబుతాను. ఏ టీకైనా పనికొస్తుంది, కడిగితే వాసన మిగలదు, ఆకు విచ్చుకోవడం కళ్లారా కనబడుతుంది. అంచు బయటికి విచ్చుకున్నది ఎంచుకోండి. వేళ్లు పెట్టేది ఆ అంచుకే. పింగాణీ స్టీలు కంటే దాదాపు పదిరెట్లు నెమ్మదిగా వేడిని సాగనిస్తుంది, నీటి మట్టానికి పైనున్న అంచు చాలాసేపు చురుక్కుమనదు. అంచుదాకా నీళ్లు పోస్తే ఆ సౌకర్యం పోతుంది. లోపలి వైపు ఎర్ర, పచ్చ రంగు బొమ్మలున్న కప్పులు వద్దు. మెరుగు మీద వేసే ఆ రంగుల్లో సీసం కలపడం పాత అలవాటు. నీలం బొమ్మలు సాధారణంగా మెరుగు కిందే ఉంటాయి, వాటికి ఆ భయం తక్కువ.

గైవాన్ చేతికి అలవాటయ్యాక టీపాటు. అందులో చూడవలసింది అందం కంటే ముందు వేగం. చావ్‌జౌ ప్రాంతంలో పుట్టి పెరిగిన గొంగ్‌ఫూ పద్ధతిలో నూరు మి.లీ. నీటికి అయిదు నుంచి ఏడు గ్రాముల ఆకు వేస్తారు. తొలి నాననివ్వడం పది, పదిహేను సెకన్లే. అదే ఆకుతో ఆరేడు సార్లు, మంచి ఆకైతే పది సార్లు టీ దిగుతుంది. పది సెకన్ల లెక్కలో పాత్ర ఖాళీ కావడానికే ఇరవై సెకన్లు పడితే? వంచే వేళ కూడా నానే వేళే. చివర దిగిన చుక్క మొదటి చుక్క కంటే మూడింతలు ఎక్కువసేపు నానింది. చేదు రావడానికి ఆకును తిట్టి లాభం లేదు. వంచినదంతా ముందు ఒక చెంబులాంటి గాజు పాత్రలోకి, గొంగ్‌దావ్ బేయ్‌లోకి, పోసి అక్కడి నుంచి కప్పులకు పంచడం కూడా ఇందుకే. పేరుకు అర్థం న్యాయమైన పాత్ర. అందరికీ ఒకే చిక్కదనం.

కొనేముందు దుకాణంలో నీళ్లు అడగండి. పాత్ర నింపి, మూత మీది చిన్న రంధ్రాన్ని వేలితో మూసి, వంచండి. ధార ఆగిపోవాలి. పైన గాలి చొరబడకపోతే లోపలి నీళ్లను బయటి వాతావరణ పీడనం పట్టి ఉంచుతుంది. వేలు తీయగానే ధార మళ్లీ రావాలి. మూత ఎంత బిగువుగా ఉందో ఇంతకంటే బాగా చెప్పే పరీక్ష లేదు. తరవాత ధార చూడండి. మెల్లగా వంచినప్పుడు కొమ్ము కిందుగా నీళ్లు జారి పాత్ర పొట్ట మీదికి వస్తున్నాయా? పాలగిన్నె వంచినప్పుడు పాలు గిన్నె వెంబడే జారడం ఇదే. 1956లో మార్కస్ రైనర్ అనే శాస్త్రవేత్త దీనికి టీపాట్ ప్రభావం అని పేరు పెట్టాడు. మరుసటి ఏడాది జోసెఫ్ కెల్లర్ కారణం చెప్పాడు. అంచు దగ్గర వంపు తిరిగే ధారలో పీడనం బయటి గాలి పీడనం కంటే తగ్గుతుంది, గాలే ధారను కొమ్ముకు అదిమిపెడుతుంది. అంచు పదునుగా ఉండి, ధార జోరుగా ఉంటే తప్పించుకుంటుంది. 2021లో కూడా వియన్నాలో దీని మీద లెక్కలు కట్టారు, అంత చిక్కు సమస్య ఇది.

పాతకాలపుదని చెప్పి నాకొక పాత్ర అమ్మారు. ఇంటికి తెచ్చి వేడినీళ్లు పోస్తే బూటుపాలిష్ వాసన గుప్పుమంది. పైన మెరుస్తున్నది ఏళ్ల వాడకం కాదు, రుద్దిన మైనం. ఆ పాత్రలో నేనెప్పుడూ టీ చేయలేదు. 2010లో చైనా ప్రభుత్వ టీవీ, మామూలు మట్టిలో మాంగనీసు వంటి రంగు ఆక్సైడ్లు కలిపి జిషా పేరుతో అమ్ముతున్న సంగతి బయటపెట్టినప్పుడు అక్కడివాళ్లే ఉలిక్కిపడ్డారు. కాబట్టి మరీ నిగనిగలాడే రంగును, చౌకధరకు వచ్చే పెద్ద పేరును నమ్మకండి. కొత్త పాత్రలో వేడినీళ్లు పోసి, పది నిమిషాలయ్యాక ముక్కు దగ్గర పెట్టుకోండి. తడిమట్టి వాసన తప్ప మరేదీ రాకూడదు.

నీళ్ల సంగతి మనవాళ్లకు మరీ ముఖ్యం. మన ఊళ్లలో చాలాచోట్ల బోరునీళ్లు గార కట్టే రకం. అలాంటి నీటితో పాలు లేని టీ చేస్తే మీద నూనె తెట్టులాంటి పొర తేలుతుంది. లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీలో మైకేల్ స్పైరో, జగన్యీ 1993లో దాన్ని పరీక్షించి చెప్పారు. నీటిలోని కాల్షియం బైకార్బనేటు, టీలోని పాలీఫీనాల్స్, గాలి కలిసి కట్టే పొర అది. నిమ్మరసం పిండితే రాదు. ఈ పొరే కప్పు గోడకు అంటుకుని గోధుమరంగు మరకవుతుంది. యిషింగ్ పాత్రను ఏళ్లతరబడి పెంచాలనుకునేవాళ్లు గార నీళ్లు వాడితే పెరిగేది నునుపు కాదు, తెల్లటి పెచ్చు. అలాగని పూర్తిగా లవణాలు తీసేసిన నీళ్లతో టీ చప్పబడుతుంది. ఫిల్టరు నీళ్లలో కొంచెం మామూలు నీళ్లు కలిపి, పొర రాని పాళ్లు చూసుకోవడం నా పద్ధతి.

టీ అయిపోయాక ఆకు తీసి పారేయడం, వేడినీళ్లతో తొలచడం, అంతే. పూత లేని పాత్రకు సబ్బు ముట్టించకూడదు, ఆ వాసన రంధ్రాల్లో దిగితే వదలదు. విశాఖలోనో కాకినాడలోనో వానాకాలంలో మూతపెట్టి అలమరలో దాచితే మూడో రోజుకే లోపల బూజు తెల్లగా కనబడుతుంది. మూత పక్కన పెట్టి, పాత్రను బట్ట మీద బోర్లించి, గాలి ఆడేచోట ఉంచాలి. మర్నాడు పొద్దున మళ్లీ నీళ్లు పోసేముందు ఖాళీ పాత్రలో ముక్కు పెట్టి చూస్తాను. నిన్నటి ఊలాంగ్ వాసన సన్నగా, కాస్త పూలవాసనలా, ఇంకా అక్కడే ఉంటుంది.